కుర్చీ మీద దస్తీ

మా దిక్కు బస్సుల్లో ఒక చట్టం ఉంది. ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. మెహిదీపట్నం బస్సు చేవెళ్ల బస్టాండులోకి ఇంకా పూర్తిగా తిరగకముందే జనం దాని వెంట ఉరికి, కిటికీల్లోంచి దస్తీలు లోపలికి విసురుతారు. ఆ చేతిరుమాలు ఏ సీటు మీద పడితే ఆ సీటు విసిరిన మనిషిది. ఆ మనిషి తీరిగ్గా చాయ్ తాగి వచ్చినా సరే, అప్పటిదాకా నిలబడ్డ పెద్దవాళ్లు కూడా ఆ దస్తీని తీసి పక్కన పెట్టరు. మనిషి లేకపోయినా ఉన్నట్టే లెక్క.

ఇదే చట్టం మీద వేలమంది పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా నడుస్తుందని నాకు ఉద్యోగంలో చేరిన తొమ్మిదో ఏట తెలిసింది.

నాది ముడిమ్యాల. దేశం అవతల ఎక్కడో దుకాణాల్లో బిల్లులు కొట్టే మెషీన్లు ఆగిపోతే, ఇక్కడ కూర్చుని వాటిని మళ్ళీ నడిపించడం నా పని. కరోనా వచ్చి అందరినీ ఇళ్లకు పంపినప్పుడు రెండేళ్లకు పైగా ఆ పని మా ఇంటి నడిమి గదిలోంచే చేశాను. పైన ఫ్యాను, పక్కన కుండలో నీళ్లు, కరెంటు పోతే ఇన్వర్టరు. నేను ముడిమ్యాలలో ఉన్నానని ఒక్క మెషీను కూడా అలిగి ఆగిపోలేదు. పైగా ఇంటి నుంచి బాగా పనిచేసినందుకు కంపెనీ నాకొక మెచ్చుకోలు పత్రం పంపింది. మా ఆయన దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు.

తర్వాత హైదరాబాదు మళ్ళీ జోరందుకుంది. కోకాపేట దిక్కు అద్దాల మేడలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. అన్ని మేడలు కట్టి ఖాళీగా ఉంచితే బాగుండదు గనక మమ్మల్ని తెచ్చి నింపాలనుకున్నారు. వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలని మెయిల్ వచ్చింది. కలిసి కూర్చుంటే కొత్త ఆలోచనలు పుడతాయట. నాతో కలిసి పనిచేసేవాళ్లలో ముగ్గురు పుణెలో, ఒకరు చెన్నైలో ఉంటారు. నేను గంటంబావు ప్రయాణం చేసి ఆఫీసుకు పోయి, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని పుణెతో మాట్లాడేదాన్ని. నా ఎడమ పక్క అబ్బాయిది వేరే పని, కుడి పక్క అమ్మాయిది ఇంకేదో పని. మూడు నెలల్లో మా ముగ్గురి మధ్య పుట్టిన ఒకే ఒక్క ఆలోచన, ఏసీ జర తగ్గించమని ఎవరిని అడగాలన్నది. దానికీ జవాబు దొరకలేదు.

మా మేనేజర్ పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి వరసల మధ్య తిరిగేవాడు. చేతిలో ట్యాబు. ఆయన మనుషుల్ని చూసేవాడు కాదు, కుర్చీల్ని చూసేవాడు. నిండిన కుర్చీకి పచ్చ గుర్తు, ఖాళీ కుర్చీకి ఎర్ర గుర్తు. ఎవరు ఏం పని చేస్తున్నారో ఆయనకు తెలియదు. ఆ పని నేర్చుకోవాల్సిన వయసులోనే పాపం మేనేజరైపోయాడు. కుర్చీలు మాత్రం తప్పు లేకుండా లెక్కపెట్టేవాడు.

ఒకరోజు క్యాంటీనుకు పోతూ, బస్సులో అలవాటు కొద్దీ కుర్చీ మీద దస్తీ పడేసి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆయన రౌండు అయిపోయింది. కంపెనీ యాప్‌లో చూస్తే నా పేరు ఎదుట పచ్చ గుర్తు పడి ఉంది. చూద్దామని మర్నాడు దస్తీకి తోడు బ్యాగు కూడా పెట్టి గంటసేపు మాయమయ్యాను. మళ్ళీ పచ్చ గుర్తే. ఆఫీసులోకి రావడానికి కార్డు గీకాలి గానీ బయటికి పోవడానికి గోడకున్న బటన్ నొక్కితే చాలు. అంటే మేము వచ్చామో లేదో కంపెనీకి కావాలి, ఉన్నామో లేదో దస్తీ చూసుకుంటుంది. ఆ రోజుతో నాకు ఆయన మీద భయం పోయింది. గౌరవం అంతకుముందే పోయింది.

మమ్మల్ని రోజూ తెచ్చి దింపే కంపెనీ కారు ఆలూరు కాకది. నాకు చుట్టమేం కాదు. యాభై దాటిన మనిషి గనక కాకా అని పిలిచేదాన్ని. సొంత కారును ఒక కంట్రాక్టరు కింద మా కంపెనీకి తిప్పేవాడు. పొద్దున ఎనిమిదింటికి నన్ను ముడిమ్యాల కమాను దగ్గర, తర్వాత మా ఆఫీసు కుర్రాళ్లు ఇద్దరిని మొయినాబాద్‌లో ఎక్కించుకునేవాడు. నేను డోరు తీయగానే ఆయన అడిగే మాట ఒక్కటే.

"నీళ్ళు తెచ్చుకున్నవా బిడ్డా?"

ఆయనకు ఆలూరులో కూరగాయల చేను ఉంది. ఎండాకాలం మా దిక్కు చేలల్లో పని తెల్లారకముందే మొదలై తొమ్మిదిన్నరకల్లా ముగుస్తుంది. మళ్ళీ సాయంత్రం పొద్దు వాలాకే. మధ్యాహ్నం చేలో కనబడలేదని ఎవరూ ఎవరినీ సోమరి అనరు. కనబడితేనే పిచ్చి పట్టిందా అని అడుగుతారు. చదువు లేని మా ఊళ్లకు తెలిసిన ఈ చిన్న విషయం, పెద్ద చదువులు చదివిన మా మేడకు తెలియదు. మమ్మల్ని దింపాక కాక కూడా ఊరి పద్ధతే పాటించేవాడు. గండిపేట దిక్కు పోయి అక్కడ చింతచెట్ల కింద కారు ఆపుకుని, ఎండ తగ్గేదాకా నీడలో ఉండి, సాయంత్రం ఆరింటికల్లా గేటు ముందుకు వచ్చేవాడు.

ఆ ఏడాది ఏప్రిల్ దాటకముందే రోడ్డు మీద తారు మెత్తబడింది. పోయేటప్పుడే చెమటతో బట్టలు ఒంటికి అతుక్కునేవి. లోపలికి అడుగుపెట్టగానే ఏసీకి పళ్లు టకటకలాడేవి. సాయంత్రం మళ్ళీ పొయ్యిలోకి. వారం రోజులు జ్వరం పడ్డాక మేనేజర్ దగ్గరికి పోయాను.

"సార్, వానలు పడేదాంక ఇంటికాడి నుంచి చేస్త. పని ఏం తక్కువ కాదు, రెండేండ్లు చేసిన గద."

ఆయన నవ్వాడు. పక్క వరసలకు వినబడేలా మాట్లాడాడు.

"ఎండ బయట కదమ్మా ఉంది, లోపల ఏసీ ఉందిగా! నిజం చెప్పాలంటే మీ ఊళ్లో కంటే ఇక్కడే మీకు ఆరోగ్యం."

"మరి పని ఏడికెళ్లి చేసినా ఒకటే గద సార్?"

"పని సంగతి కాదమ్మా. జీతం తీసుకునే మనిషి ఉండాల్సిన చోట ఉండాలి. నేను చూస్తే కనబడాలి. ఒక్కరికి ఇస్తే రేపు అందరూ అడుగుతారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. సాయంత్రం దాకా నాలో అదే మాట తిరిగింది. ఆరింటికి కిందికి దిగితే గేటు దగ్గర కారు లేదు. ఆరుంబావైంది. సిమెంటు నేల పగలంతా తాగిన వేడిని అప్పుడే కక్కుతోంది. ఆరున్నర కావస్తుంటే ఇంకా లేదు. కంపెనీ యాప్‌లో ఫిర్యాదు గడి తెరిచాను. 'డ్రైవర్ అందుబాటులో లేడు' అన్నదాన్ని నొక్కాను. కింద రాయడానికి ఖాళీ ఉంది. 'డ్యూటీలో ఉన్న మనిషి ఉండాల్సిన చోట ఉండడు' అని రాసి పంపించాను.

పొద్దున నా మొహాన కొట్టిన మాటను పట్టుకుపోయి సాయంత్రం ఇంకొకరి మొహాన కొట్టాను. మేనేజర్‌ను ఏమీ అనలేకపోయిన పౌరుషం కాక మీద చూపించాను. అది రాస్తున్నప్పుడు చల్లగా కూడా అనిపించింది. ఇవాళ దాచుకోవడం ఎందుకు?

కారు రెండు నిమిషాల్లోనే వచ్చింది.

"జామైంది బిడ్డా, సర్వీస్ రోడ్ తవ్విపెట్టిండ్రు. చుట్టు తిరిగి వచ్చిన," అన్నాడు కాక. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మొయినాబాద్ వచ్చేసరికి కోపం దిగిపోయింది. ఫిర్యాదు మాత్రం అప్పటికే కంట్రాక్టరుకు చేరిపోయింది.

మూడో రోజు కొత్త రూలు వచ్చింది. చేవెళ్ల, శంకర్‌పల్లి రూట్ల కార్లన్నీ పొద్దున దింపినప్పటి నుంచి సాయంత్రం ఎక్కించుకునేదాకా ఆఫీసు వెనక పార్కింగులోనే నిలబడాలి. కారు కదిలితే కంట్రాక్టరు ఫోనులోని మ్యాపులో తెలిసిపోతుంది, ఆ రోజు లెక్కలోకి రాదు. ఆ పార్కింగుకు పైకప్పు లేదు, చెట్టు లేదు. నిలబెట్టిన కార్లలో ఇంజను నడపరాదని ఒక బోర్డు, డ్రైవర్లకు లోపలికి ప్రవేశం లేదని ఇంకో బోర్డు. మా మేనేజర్ లాంటివాళ్లు బయట కూడా చాలామంది ఉంటారని అర్థమైంది.

మర్నాడు పొద్దున మొయినాబాద్ రాకముందు, కారులో మేమిద్దరమే ఉన్నప్పుడు కాక చెప్పాడు.

"పోయిన ఎండకాలం టమాట తెంపుకుంట చేన్లనే పడ్డ బిడ్డా. వడదెబ్బ. మూడు దినాలు దవాఖానల పెట్టిండ్రు. మల్లొకపాలి తగిలితే కిడ్నీలు ఖరాబైతయ్, పగటీలి నీడపట్టున ఉండుమని డాక్టర్ గట్టిగ చెప్పిండు. గందుకే గా చింతచెట్ల కిందికి పోతుంటి."

"మరి ఇప్పుడెట్ల కాకా?"

"ఎట్లనో అట్ల. వానలు పడేదాంక ఎల్లితే చాలు. ఎవలో కంప్లైంట్ ఇచ్చిండ్రట."

"అయ్యో," అన్నాను.

ఆ ఒక్క 'అయ్యో' తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. నేనే ఇచ్చానని చెప్పాల్సింది. ఆ పూటే యాప్ తెరిచి తప్పు నాదని రాయాల్సింది. రాస్తే రవాణా విభాగం వాళ్లు పిలిచి ఎందుకని అడుగుతారు, మేనేజర్‌కు తెలుస్తుంది, మళ్ళీ పక్క వరసలు నవ్వుతాయి. అంతే నా భయం. ఒక మనిషి కిడ్నీలు ఒక పక్క, నలుగురి నవ్వు ఇంకో పక్క. నేను నవ్వుకు భయపడ్డాను. దానికి బదులు రోజూ మధ్యాహ్నం క్యాంటీనులో చల్లని నీళ్ల సీసా తీసుకుని, కుర్చీ మీద దస్తీ పడేసి, పార్కింగుకు పోయి కాకకు ఇచ్చి వచ్చేదాన్ని. ఆయన కారు నాలుగు డోర్లూ తెరుచుకుని, గోడ పడేసిన జానెడు నీడలో ఉక్కిరిబిక్కిరవుతూ కూర్చుని ఉండేవాడు. సీసా అందుకుని, "సల్లగుండు బిడ్డా," అనేవాడు. నేను పుణ్యం చేసినదానిలా తిరిగి వచ్చేదాన్ని.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం మూడింటప్పుడు పార్కింగు దగ్గరి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. రోజూ నీళ్లిచ్చే మనిషినని నా నంబరు తీసి పెట్టుకున్నాడు.

"మేడం, మీ ఆలూరాయన లేస్తలేడు. జల్ది రండి."

చేతిలో ఉన్న దస్తీ కుర్చీ మీద పడింది. కావాలని వేయలేదు, చెయ్యి దానంతట అదే వేసింది. బటన్ నొక్కి మెట్ల మీదుగా ఉరికాను. కాక సీటు వెనక్కి వాల్చుకుని పడి ఉన్నాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు. నుదురు ముట్టుకుంటే కాలిన పెంకు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి గానీ నన్ను చూడడం లేదు.

"మోటర్ బంద్ చేసిండ్రా? మడి నిండింది, బంద్ చెయ్యుండ్రి," అంటున్నాడు. ఆయన తన చేలో ఉన్నాడు.

నేనూ వాచ్‌మనూ ఉన్న నీళ్లన్నీ తల మీద, ఛాతీ మీద పోశాం. పక్క కారు డ్రైవరు దొంతన్‌పల్లి అన్న, కాక ఈడువాడే గానీ అందరూ అన్న అనే పిలుస్తారు. అప్పటికే తన కారు వెనక డోరు తెరిచాడు. ఒక్క క్షణం ఆగి ఫోను వైపు చూశాడు. కారు కదిలితే మ్యాపులో తెలుస్తుంది. "ఏమన్న కానీ, ఎత్తుండ్రి," అన్నాడు. ముగ్గురం కలిసి ఎత్తాం. దారిలో మొదట కనబడ్డ దవాఖానలోకి తిప్పాడు. అక్కడ చంకల్లో, మెడ కింద ఐసు పెట్టారు, సెలైన్ ఎక్కించారు. ఆలూరు నుంచి కాక భార్య వచ్చేదాకా నేను మంచం పక్కనే ఉన్నాను. డాక్టరు ఆమెతో కిడ్నీల గురించి మాట్లాడుతుంటే నేను బయటికి వచ్చి వరండాలో కూర్చుండిపోయాను.

మర్నాడు ఆఫీసులో యాప్ తెరిచి లెక్కలు చూశాను. కిందటి రోజు నాలుగింటి రౌండులో నా పేరు ఎదుట పచ్చ గుర్తు ఉంది. కుర్చీ మీద దస్తీ, పక్కన బ్యాగు. నేను దవాఖానలో ఉన్న ఆ పూట కంపెనీ దృష్టిలో శ్రద్ధగా పనిచేసుకుంటున్నాను. రవాణా లెక్కలో కాక కారు ఎదుట పూర్తి హాజరు పడింది. ఆయన సెలైన్ కింద ఉన్నా కారు పార్కింగులోనే ఉంది మరి. దొంతన్‌పల్లి అన్న పేరు ఎదుట మాత్రం ఎర్రటి అక్షరాలతో రాసి ఉంది: డ్రైవర్ అందుబాటులో లేడు. ఆ రోజు మొత్తంలో ఉండాల్సిన చోట ఉన్న మనిషి అతనొక్కడే.

నాకు ఒళ్లు మండింది. జరిగిందంతా రాసి మేనేజర్‌కూ పై వాళ్లకూ మెయిల్ పెట్టాను. రూలు తీసేయమన్నాను, ఎండలు తగ్గేదాకా అందరినీ ఇంటి నుంచి చేయనీయమన్నాను. జవాబుకు నాలుగు రోజులు పట్టింది. ఎండ నుంచి కాపాడుకోవడం ఎలాగో ఒక నిపుణుడు మాట్లాడతాడట. మధ్యాహ్నం రెండింటికి, ఆరో అంతస్తు హాల్లో. అందరూ స్వయంగా రావాలి, ఇంటి నుంచి చూసే వీలు లేదు, హాజరు తీసుకోబడును. పోయాను. మధ్యాహ్నం వేళ బయట తిరగకండి అని ఆయన గంటసేపు చెప్పాడు. చివర్లో మజ్జిగ ప్యాకెట్లు పంచారు. డ్రైవర్లను పిలవలేదు. హాలు ఏసీకి గొంతు పట్టేసింది.

అదే మెయిల్లో మొదటి ఫిర్యాదు నాదేనని రాశానా? రాయలేదు. అందరి తప్పులూ వరసగా రాసి నాది ఒక్కటి వదిలేశాను. ఆ వారమే ఉద్యోగం మొహాన కొట్టి వచ్చానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. నిజానికి ఇంకో ఏడాది అక్కడే చేశాను, వేరే డ్రైవరు కారులో పోయి వచ్చాను.

వానలు ఇంకా పడకముందు ఒక ఆదివారం ఆలూరు పోయాను. మధ్యాహ్నం పన్నెండు. ఊళ్లో మనిషి జాడ లేదు, అందరూ తలుపులు దగ్గరేసుకుని ఇళ్లలో ఉన్నారు. కాక కూలరు ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. సగమయ్యాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. స్టీరింగు పట్టవద్దన్నారు, చేలోకి కూడా పోవద్దన్నారు. కారు ఇంటి ముందు పాత దుప్పటి కప్పుకుని ఉంది. నాకు కుర్చీ వేయించి ఎదురుగా కూర్చోబెట్టాడు. చేను గురించి, కూరగాయల గురించి కాసేపు అడిగాను. ఇక ఆగలేక చెప్పేశాను.

"కాకా, గా కంప్లైంట్ ఇచ్చింది నేనే."

ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఎరుకనే బిడ్డా."

"ఎప్పుడు ఎరుకైంది?"

"గప్పుడే. కంట్రాక్టర్ ఫోన్ల సూపిచ్చిండు. అండ్ల రూటు ఉంటది, ఎక్కే జాగ ఉంటది. ముడిమ్యాల కమాన్ కాడ ఎక్కేది నువ్వొక్కదానివే గద."

అంటే ఆ మూడు వారాలూ తెలుసు. కారులో 'ఎవలో ఇచ్చిండ్రట' అన్నప్పుడు తెలుసు, నేను 'అయ్యో' అన్నప్పుడు తెలుసు. నా చేతి నుంచి నీళ్ల సీసా అందుకున్నప్పుడు కూడా తెలుసు. తెలిసీ రోజూ పొద్దున నీళ్లు తెచ్చుకున్నవా బిడ్డా అని అడిగాడు.

"మరి నన్ను ఎందుకు అడగలె కాకా?"

"అడిగితే నువ్వు నా కార్ల ఎట్ల కూసుంటవ్? రోజూ కలిసి పోవాలె గద మనం."

ఇక అక్కడ ఉండలేక లేచాను. పోయొస్త అన్నాను.

"యాడికి? ఎండ ఎట్ల కొడుతున్నదో సూడు. కూసో. జర సల్లబడ్డంక పోదువు," అని, లోపలికి చూసి భార్యతో నాకు నీళ్లు తెమ్మన్నాడు.

కూర్చున్నాను. సాయంత్రం ఐదింటిదాకా ఆయన ఎదురుగా ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే ఉన్నాను. నా ఉద్యోగం మొత్తంలో ఏ కుర్చీలోనూ అంత కష్టంగా కూర్చోలేదు.